నాన్న తల్లి నేస్తం కూతురి కొడుకు

కవిటి,
16 జూన్ 2003

చి. యామినికి నానమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి పక్కన పెట్టాను. కోపం తగ్గాక మళ్లీ తీశాను. మన చుట్టరికాల వరసలన్నీ సూత్రాలుగా రాసి పంపమన్నావు. ఎవరైనా ఒక చుట్టరికాన్ని మాటల్లో టైపు చేస్తే ఆ మనిషి తనకు ఏ వరస అవుతాడో కంప్యూటరు చెప్పాలట. అదే నీ ఎం.సి.ఏ. ఆఖరి ప్రాజెక్టట. ఎవరికైనా వరస తెలియకపోతే నా గుమ్మంలోకి వచ్చి అడుగుతారు. కాఫీ తాగి వెళ్తారు. అందులో యంత్రానికి ఏం పని?

అయినా లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. సూత్రం రాయమంటే చెయ్యి ఆగదు. శ్రద్ధగా చదువు.

తండ్రి అన్నదమ్ములు నీకు తండ్రులు. తల్లి అక్కచెల్లెళ్లు నీకు తల్లులు. వాళ్ల పిల్లలు నీకు తోబుట్టువులు. తండ్రి అక్కచెల్లెళ్లు మేనత్తలు, తల్లి అన్నదమ్ములు మేనమామలు. వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరుదులు, మరదళ్లు. ప్రపంచంలో రెండే వైపులున్నాయి: మన వైపు, వియ్యపు వైపు. పెళ్లి దాటిన ప్రతిసారీ వైపు మారుతుంది. మిగతాదంతా దీని మీద చేసే అభ్యాసమే.

ఇంకొక సంగతి నీ యంత్రానికి అన్నిటికంటే ముందు నేర్పు. అడిగినవాడి మొహం చూసి వరస మారదు. జీడి తోటల సోములు తన కొడుక్కి ఒక సంబంధం అనుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆ పిల్ల వాడి కొడుక్కి చెల్లెలి వరస. "దూరపు సుట్టరికం గదా అమ్మా, సూడనట్టు ఒగ్గీ. నీ మాటే అందరూ ఇంతారు" అన్నాడు. నేను కాదన్నాను. ఇప్పటికీ వాడు సంతలో నన్ను చూస్తే పక్క సందులోకి తిరుగుతాడు. ఏ సందులోకి తిరిగినా ఆ పిల్ల వాడి కొడుక్కి చెల్లెలే.

ఈ సూత్రం ప్రకారం టెక్కలిలో ఉన్న మీ మేనమామ కొడుకు జగదీష్ నీకు బావ. ఇది చెప్పడానికి కరెంటు ఖర్చు అక్కర్లేదు. నీ చదువయ్యాక ఆ మాట కదుపుదామని పలాస నుంచి వచ్చినప్పుడల్లా మీ నాన్న శ్యాంసుందర్ అంటున్నాడు. "అమ్మ సరే అంటే సరే, అమ్మ వద్దంటే వద్దు" అని మీ అమ్మతో కూడా చెప్పాడట. నేను ఇంకా ఏమీ అనలేదు.

ఇట్లు,
నీ నానమ్మ
రత్నాలమ్మ


విశాఖపట్నం,
2 జూలై 2003

నానమ్మకి నమస్కారాలు.

నువ్వు పంపిన సూత్రాలు చూసి మా జోడీ అన్నాడు, ఇంత పొందికగా పాఠ్యపుస్తకాల్లో కూడా ఉండదని. జోడీ అంటే ప్రాజెక్టు కలిసి చేసే మనిషి. మా కాలేజీలో ఇద్దరిద్దరికి కలిపి ఒక ప్రాజెక్టు ఇస్తారు.

మేం రాసేదాన్ని పార్సర్ అంటారు. వాక్యాన్ని మాటలుగా విడగొట్టి, ఏ మాట దేన్ని పట్టుకుని ఉందో తేల్చే ప్రోగ్రాం. మామూలు కంప్యూటరు భాషల్లో "ఇది చెయ్యి, తర్వాత అది చెయ్యి" అని యంత్రానికి పురమాయిస్తాం. మేం ఎంచుకున్న హాస్కెల్ భాషలో పురమాయింపులు దాదాపు ఉండవు. అంతా ఫంక్షన్లే. నీ తొమ్మిదో తరగతి పాఠంలో చెప్పేదానివే, ఒకటి లోపల వేస్తే ఒకటి బయటికి వస్తుందని. "తల్లి" ఒక ఫంక్షను: మనిషిని ఇస్తే తల్లిని ఇస్తుంది. "అన్న" ఇంకొకటి. రెండూ అతికిస్తే "తల్లి అన్న". పార్సర్లు కూడా అంతే. ఒక్క మాట చదివే చిన్న పార్సర్లు రాసుకుని, వాటిని అతికించి వాక్యం చదివే పెద్ద పార్సర్ని తయారు చేస్తాం.

చెప్పడానికి బాగుంది. నడిపితే యంత్రం కొయ్యబారిపోతోంది. "చుట్టం అంటే ఒక చుట్టం, ఆ వెనక ఒక బంధుత్వపు మాట" అని నియమం రాశాను. "మేనమామ భార్య" అంటే మేనమామ అనే చుట్టానికి భార్య కదా. తప్పేముంది? ఇంగ్లీషు పుస్తకంలో ఉదాహరణలన్నీ నడుస్తున్నాయి. వాళ్లు చివరి మనిషిని ముందు చెప్పి వెనక్కి వస్తారు. మనం మన దగ్గర మొదలుపెట్టి దూరం వెళ్తాం. వారం నుంచి ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నాం. మా గైడు "బుద్ధిగా అందరిలా లైబ్రరీ పుస్తకాల ప్రోగ్రాం రాసుకోండి" అంటున్నారు.

నువ్వు జగదీష్ బావ సంగతి రాశావు. ముందు ప్రాజెక్టు కానీ నానమ్మా.

యామిని


కవిటి,
30 జూలై 2003

చి. యామినికి,

జవాబు ఆలస్యమైంది. మా నేస్తం భర్త సింహాద్రి పోయాడు. కిడ్నీ జబ్బే. ఈ ఉద్దానంలో ఇంకే జబ్బుతో పోతారు. మందు కోసం విశాఖపట్నం బస్సు ఎక్కీ దిగీ, ఆఖరికి వాళ్ల పాలెంలో, సముద్రం వినబడే చోటే పోయాడు.

నేను మైల పట్టాను. మీ నాన్న వచ్చి "వాళ్లు సేపల వేటకి ఎల్లేవోళ్లు, మనం రైతులం. రక్తమా ఏటమ్మా, మైల పట్టడానికి" అన్నాడు. నేను వాడికి చెప్పిందే నీకూ చెప్తున్నాను, తెలుసుకుని ఉండు. పెళ్లికి ముందు, అమ్మవారి సంబరంలో, రెండు ఊళ్ల పెద్దల ఎదుట మేమిద్దరం పూలు మార్చుకుని నేస్తం కట్టాం. ఆ రోజునుంచి ఆమె పేరు నేను పలకలేదు, నా పేరు ఆమె పలకలేదు. నేస్తం కట్టినవాళ్లు ఒకరినొకరు పేరు పెట్టి పిలిస్తే ఆ కట్టు విడిపోయినట్టే. అలాంటి ఇంట్లో చావు వస్తే సొంత ఇంట్లో వచ్చినట్టే. ఇందులో కులం ప్రసక్తి లేదు.

ఇక నీ యంత్రం. చుట్టాన్ని గుర్తుపట్టాలంటే ముందు చుట్టాన్ని గుర్తుపట్టాలని నువ్వే రాస్తివి. అన్నం తినాలంటే ముందు అన్నం తిని ఉండాలని చెప్తే ఎవడు తింటాడు? కంచం ముందు కూర్చుని చచ్చిపోతాడు. యంత్రం కొయ్యబారిందని దాన్ని తిట్టకు. అది నీ మాట విని అడిగిందే అడుగుతోంది. ఎవరైనా నన్ను వరస అడిగితే నేను ఏం చేస్తానో చూడలేదా? "నేను" అని బొటనవేలు పట్టుకుంటాను. వాళ్లు చెప్పిన ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క కణుపు జరుగుతాను. మాటలు అయిపోయిన చోట ఆగుతాను. ఇంతకంటే ఏముంది? ఇద్దరు చదువుకున్నవాళ్లు వారం రోజులు తలలు పట్టుకోవలసిన సంగతా ఇది?

బాగుపడ్డాక దీనికి జవాబు చెప్పించు: మేనమామ భార్య అన్న కూతురు నీకు ఏమవుతుంది?

జోడీ "అన్నాడు" అని రాశావు. ఎవరి అబ్బాయి?

నానమ్మ


విశాఖపట్నం,
14 ఆగస్టు 2003

నానమ్మా,

నీ కణుపులే పని చేశాయి. "నేను" దగ్గర మొదలుపెట్టి, మాటల వరస మీద ఒక్కో అడుగూ మడుచుకుంటూ వెళ్లే పద్ధతి హాస్కెల్‌లో ముందునుంచీ ఉంది. దానికి పేరు కూడా మడతే. మేం చూసుకోలేదు.

నీ ప్రశ్నకి మొదట "వదిన" అని జవాబిచ్చింది. మేనమామతో మొదలైతే ఆ పిల్లలంతా బావలూ వదినలే అని రాసి పెట్టాం. నువ్వు కోప్పడతావని నీ సూత్రం మళ్లీ చదివాను. పెళ్లి దాటితే వైపు మారుతుంది. మేనమామ వియ్యపు వైపు. ఆయన భార్య మళ్లీ మన వైపు, అత్త. ఆవిడ అన్న నాకు తండ్రి వరస. ఆయన కూతురు నాకు అక్కో చెల్లెలో. దిద్దాం. ఇప్పుడు సరిగ్గా చెప్తోంది. "తల్లి అన్న కొడుకు" అని వేస్తే "బావ" అంది. నీకు సంతోషమే కదా.

ఈ భాషలో నాకు నచ్చినది ఒకటి చెప్తాను. ఫంక్షను స్వచ్ఛంగా ఉండాలి. అదే మాట ఇస్తే ఎప్పుడూ అదే జవాబు రావాలి. పొద్దున ఒకటీ సాయంత్రం ఒకటీ చెప్పకూడదు. లోపల దాచుకున్న సంగతులేవీ జవాబుని మార్చకూడదు. నువ్వు సోములు గారికి చెప్పింది అదే. మా జోడీ ఆ కథ నా చేత మళ్లీ చెప్పించుకున్నాడు.

సింహాద్రి తాత పోయినందుకు బాధగా ఉంది. నీ నేస్తం దాలమ్మ నానమ్మని అడిగానని చెప్పు.

ఒక సందేహం. నువ్వు పంపిన మాటల్లో "నేస్తం" లేదు. కట్టిన నేస్తం కూడా చుట్టమే కదా. ఏ వరస కింద చేర్చమంటావు?

యామిని

జోడీ ఎవరి అబ్బాయో తర్వాత రాస్తాను. ఇక్కడ కరెంటు పోయింది.


కవిటి,
3 సెప్టెంబరు 2003

యామినికి,

మీ ఊళ్లో కరెంటు ఎప్పుడు వస్తుందో తెలుసుకోవడం నా వల్ల కాలేదు. ఆ పని దేవుడే చేశాడు.

సింహాద్రి మాసికానికి పాలెం వెళ్లాను. వంట దగ్గర ఆడవాళ్లు ఒక పిల్లని పట్టుకుని తగువు పడుతున్నారు. "నాకు ఏటవుద్ది ఈ పిల్ల? మా మావ పెల్లాం అన్న కూతురు. మరదలే" అంటోంది ఒకామె. "ఎవరు కాదన్నారు, మరదలే, మూతి కడిగి తీసుకెల్లి నీ తమ్ముడికి కట్టబెట్టీ" అంది ఇంకొకామె. నేను నోరు తెరిచేలోపే గుమ్మంలోంచి ఒక మగ గొంతు, "మరదలు కాదు పిన్నీ, సెల్లెలు. పెల్లి దాటితే వైపు మారుద్ది" అంది.

నా వాక్యం. నా మాట నా చెవిలోకే తిరిగి వచ్చింది.

తిరిగి చూస్తే మా నేస్తం కూతురు గౌరీశ్వరి కొడుకు, మోహనకృష్ణ. "ఎవరు చెప్పారు బాబూ నీకు?" అని అడిగాను. "మా ప్రాజెక్టులో ఉందండి" అన్నాడు. అని, అన్న మాట విని, రేవులో గుంజకి కట్టిన తెప్పలా నిలబడిపోయాడు. చెవులు ఎర్రబడ్డాయి. అబద్ధం ఆడడం రాని మనిషి. నీకంటే నయం.

నీ జోడీకి పేరు ఉందని ఇప్పుడు తెలిసింది. నేస్తం ఏ వరస అని ఎంత అమాయకంగా అడిగావు. స్వచ్ఛం అని ఒక పేరా రాసి, కింద కరెంటు పోయిందని రాసిన చెయ్యి ఇదేనా? ముందు వాడు నీకు ఏమవుతాడో, మీరిద్దరూ ఏమనుకుంటున్నారో దాపరికం లేకుండా రాయి. నేస్తం అనే మాట మాత్రం నీ ప్రోగ్రాంలో చేర్చవద్దు. అది చుట్టరికాల లెక్కలోకి రాదు.

నానమ్మ


విశాఖపట్నం,
11 సెప్టెంబరు 2003

నానమ్మా,

దాచినది తప్పే. ఇప్పుడు దాచను. నేనూ మోహనకృష్ణా పెళ్లి చేసుకోవాలనుకుంటున్నాం. వాళ్లమ్మకి చెప్పాడు. నేను ఎవరికీ చెప్పలేదు. నాన్న నీ మాట మీదే ఉన్నాడు గనుక ముందు నీకే చెప్పాలనుకున్నాను. చెప్పే ధైర్యం లేక ప్రోగ్రాం వెనక నిలబడి అడిగాను.

నేస్తం లెక్కలోకి రాదన్నావు. సింహాద్రి తాత పోతే మైల పట్టావు. నాన్న వద్దన్నా పట్టావు. "ఇందులో కులం ప్రసక్తి లేదు" అని నాకు రాశావు. ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. చావుకి వచ్చిన చుట్టరికం పెళ్లికి ఎందుకు రాదు? అదే మాట, అదే మనిషి. జవాబు మాత్రం రెండు. సోములు గారు ఇలా అడిగితే నువ్వు ఏమనేదానివి?

జగదీష్ బావకి నేను చెల్లెలితో సమానం. చిన్నప్పుడు నా ముక్కు తుడిచిన మనిషి. నాతో పెళ్లనగానే మొన్న ఫోనులో నవ్వు ఆపుకోలేకపోయాడు.

నువ్వు కాదంటే నేను లేచిపోను. గుడిలో దండలు మార్చుకోను. అలా చేసే మనిషి కాదు అతనూ. నువ్వు కాదంటే ఈ పెళ్లి ఉండదు, ఇంకొకటీ ఉండదు. అంతే రాయగలను.

యామిని


కవిటి,
20 సెప్టెంబరు 2003

యామినికి,

ప్రశ్నకి ప్రశ్న జవాబు కాదని నీకు ఆరో తరగతిలో చెప్పాను.

నా మాటలు నాకే అప్పజెప్పి నన్ను ఇరుకున పెట్టానని అనుకుంటున్నావు. విను. వాళ్లు సముద్రం మీద బతికేవాళ్లు. మనం కొబ్బరి తోటలో బతికేవాళ్లం. ఆ ఇంట్లో వంట వేరు, నిద్ర వేరు. తుఫాను కబురు రేడియోలో వస్తే మనం తలుపులు వేసుకుంటాం. వాళ్లు రేవుకి పరుగెత్తుతారు. నేను ఆ ఇంట్లో కూర్చుని ఎన్నోసార్లు అన్నం తిన్నాను. తిని మన ఇంటికి వచ్చి పడుకున్నాను. కూర్చుని తినడం వేరు, కోడలిగా వెళ్లడం వేరు. మన కులంలో ఒక్కరు నీ ముఖం చూడరు. మీ నాన్న పలాస రైల్వే క్వార్టర్లలో తలెత్తుకుని తిరగలేడు. ఇవి సూత్రాలు కావు, నాకు తెలుసు. బతుకులో ఉన్న ఇబ్బందులు.

సూత్రమే కావాలంటే అదీ ఇస్తాను. నేస్తం లెక్కలోకి రాదని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నేస్తం లెక్కలోకి వస్తుంది. వస్తుంది గనుకనే ఈ పెళ్లి జరగదు. నేస్తం అంటే తోడబుట్టిన చెల్లెలితో సమానం. మా ఇద్దరి పిల్లలు ఒకరికొకరు అన్నాచెల్లెళ్లు. మీ నాన్నా గౌరీశ్వరీ ఒకే ఉట్టి కింద పెరిగారు. ఇప్పటికీ ఆమె రాఖీ పంపిస్తే వాడు కట్టుకుంటాడు. రెండిళ్ల మధ్య అన్నాచెల్లెళ్ల వరస నడుస్తుంటే అక్కడ పెళ్లి మాట ఎత్తుతారా?

కావాలంటే నీ యంత్రానికి చెప్పు. నేస్తం అంటే సొంత చెల్లెలు, ఏ తేడా లేదు. నేను చెప్పానని రాసి చేర్చు. అది ఏం చెప్తుందో చూసుకుని ఈ సంగతి ముగించు. ఇదే నా తీర్పు.

నానమ్మ


విశాఖపట్నం,
1 అక్టోబరు 2003

నానమ్మా,

నువ్వు చెప్పినట్టే చేర్చాను. నేస్తం అంటే చెల్లెలు. ఒక్క వాక్యం. ఇంకేమీ ముట్టుకోలేదు. మేం జవాబు మార్చామని నువ్వు అనుకోకూడదని, నడిపేటప్పుడు మోహనకృష్ణని గదిలో ఉండవద్దన్నాను. మా గైడు చేత టైపు చేయించాను. ఆయనకి మన సంగతి తెలియదు.

వేసిన మాటలు: నాన్న తల్లి నేస్తం కూతురి కొడుకు.

వచ్చిన జవాబు: బావ.

నియమం తీసేయమంటే తీసేస్తాను. నువ్వే చెప్పు.

యామిని


కవిటి,
14 నవంబరు 2003

చి. యామినికి నానమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందిన రోజే బొటనవేలు పట్టుకున్నాను. నాన్న. నాన్న తల్లి, అంటే నేను. నా చెల్లెలు. నా చెల్లెలి కూతురు మీ నాన్నకి చెల్లెలు. తండ్రి చెల్లెలు మేనత్త. మేనత్త కొడుకు బావ. నేను మీ నాన్న తరం దగ్గర ఆగి, అన్నాచెల్లెళ్లని చూసి, తీర్పు చెప్పేశాను. తర్వాతి తరానికి జరగలేదు. వాక్యం చివరి మాటదాకా చదవకుండా జవాబు రాసిన పిల్లల్ని ఎందరిని బెంచీ ఎక్కించానో. వయసులో ఉన్నదాన్ని అయితే నన్ను నేను ఎక్కించుకునేదాన్ని.

ఇన్నాళ్లూ నీకు జవాబు రాయకపోవడానికి కారణం, నేను ఇంకొక దారి వెతుకుతున్నాను. అదీ రాస్తాను. నిన్ను దాచవద్దన్నాను గనుక నేనూ దాచకూడదు.

నియమం తీసేస్తే వరస పోతుంది. నియమం కంప్యూటరులో ఉన్నది కాదు. అమ్మవారి ముందు కట్టినది. అక్కడే విప్పాలి. నేస్తం విడిపోతే మోహనకృష్ణ నీకు బావ కాడు, ఎవరో పరాయి కుర్రవాడు. పరాయివాడికి పిల్లని ఇవ్వనని చెప్పడానికి ఏ సూత్రమూ అడ్డు రాదు. సోములు కూడా నన్ను తప్పు పట్టలేడు. ఇలా ఆలోచించి మొన్న కార్తీక పౌర్ణమి అయిన మర్నాడు ఆటో ఎక్కి పాలెం వెళ్లాను.

మా నేస్తం గుమ్మంలో వల విప్పుకుని కన్నాలు కుడుతోంది. భర్త పోయినా వల వదల్లేదు.

"ఏటే నేస్తం, ఇంత ఎండలో ఒచ్చినావు. మనవరాలి మిసను నన్ను కూడా లెక్కెట్టిందంట గదా."

"నీకు ఎవరు చెప్పారు?"

"ఆడే సెప్పినాడు. సెప్పి మంచం కింద దూరినాడు. నానేటి అంతానో అని." సూది ఆపకుండానే అంది. "నాకు ఇట్టం నేదు. ముందే సెప్తన్నాను. నీ మనవరాలు ఎండు సేపల వాసనకి ముక్కు మూసుకుంతాది. నాను ఆ ముక్కు సూసుకుంతా బతకాల."

నాకు కోపం వచ్చింది. మన పిల్ల ముక్కుకి ఆమె వంక పెట్టడమేమిటి? "అది ముక్కు మూసుకునే పిల్ల కాదు. చిన్నప్పుడు నీ ఒళ్లో కూర్చుని కవ్వళ్ల చేపలు తిన్న పిల్ల" అన్నాను. అన్నాక, నేను వచ్చిన పని వేరని గుర్తొచ్చింది.

చెప్పాను. నేస్తం విడదీసుకుందామని. ఎందుకో కూడా చెప్పాను.

ఆమె వల ఒళ్లోంచి కింద పెట్టింది. నన్ను చూసి, "అలగయితే ఇడదీసీ. సంబరం అక్కర్లేదు, పెద్దలు అక్కర్లేదు. నన్ను పేరెట్టి పిలు. నాను పలుకుతాను. పలికితే తెగిపోయినట్టే. ఎల్లిపో" అంది.

ఎదురు చూస్తూ కూర్చుంది.

ఆ పేరు నాకు తెలియదా? రేషను కార్డు మీద చదివాను. సింహాద్రి కేకవేస్తే విన్నాను. ఓటరు జాబితాలో నా చేత్తో టిక్కు పెట్టాను. మూడక్షరాలు దాటదు. నోరు తెరిచాను. ఎంతోమంది పిల్లల హాజరు గొంతెత్తి పిలిచిన నోరు ఇది. అది రాలేదు. మళ్లీ తెరిచాను. ఈసారి వచ్చిన మాట "నేస్తం".

"ఏటి," అంది ఆమె.

"మంచినీళ్లు ఇవ్వు," అన్నాను.

ఇచ్చింది. "సూసినావా, నీ వల్ల కాదు. ఎంత సదివినా నీ వల్ల కాని పనులున్నాయి" అని మళ్లీ వల తీసుకుంది. కాసేపటికి, "ఆడికి నీతి నేరిపింది నానే, ఆడి మాటకి అడ్డం పడను. అలగని నీ పిల్లని అడగడానికి నాను రాను. మగపిల్లోడి వైపు రాకూడదని కాదు, మోకాల్లు ఒంగవు. నువ్వే కబురెట్టు" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఎండు చేపలు కట్టి ఇచ్చింది. ఆటోలో అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మూసుకోలేదు.

కాబట్టి ఇదీ సంగతి. నేస్తం ఉంది. ఉంది గనుక వరస ఉంది. వరస ఉంది గనుక వాడు నీకు బావ. నాకు నచ్చిందా లేదా అన్నది లెక్కలో లేదు. కులం మాట ఎత్తేవాళ్లు నా గుమ్మంలోకి వస్తారు. రానీ. వాళ్లకి నేను చెప్పుకుంటాను. మీ నాన్నని ఆదివారం రమ్మని కబురు పెట్టాను. వాడు అరుస్తాడు. అరిచాక, గౌరీశ్వరి రాఖీ ఇన్నాళ్లూ ఏ వరసన కట్టుకున్నావురా అని అడుగుతాను.

షరతులు ఉన్నాయి. ప్రాజెక్టు పూర్తికావాలి. ఇద్దరికీ మార్కులు రావాలి. అప్పటిదాకా ఉత్తరాల్లో కరెంటు పోకూడదు. నేస్తం నియమం పక్కన అది ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాసి ఉంచు. రేపు ఎవరైనా తీసేయబోతే నన్ను అడగాలి.

దీనితో పాటు ఒక కవరు పెట్టాను. లోపల మా నేస్తానికి నేను రాసిన కబురు ఉంది. స్టాంపు అంటించాను. ఊరు, జిల్లా, పిన్ కోడ్ రాశాను. పైన పేరు రాయవలసిన గీత ఖాళీగా ఉంది. అక్కడ నా చెయ్యి ఆడడం లేదు. నువ్వు రాసి డబ్బాలో వెయ్యి.

ఇట్లు,
నీ నానమ్మ
రత్నాలమ్మ